నర్సత్త చేత కళ్ళు మూయించిన అరగంట

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై ఏళ్ళప్పుడు, నా ఈడు కుర్రాళ్ళలో ఒకడికి క్రాపు మీద గర్వం, ఒకడికి కొత్త సైకిలు మీద గర్వం. నాకు ప్రార్థన మీద గర్వం. మద్రాసు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో కొత్తగా చేరిన గుమాస్తాను కాబట్టి అక్కడ నన్ను పలకరించే దిక్కు లేదు గానీ, ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘంలో నేను లేచి గొంతు సవరించుకున్నానంటే విసనకర్రలు సైతం ఆగిపోయేవి. (అవి ఆగింది భక్తితోనా, నిద్రతోనా అనే అనుమానం అప్పట్లో నాకు రాలేదు.) ఆదాముతో మొదలుపెట్టి, ఓడ ఎక్కి, ఎర్రసముద్రం దాటి, అరగంటకు గానీ మద్రాసు చేరేవాణ్ణి కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం, తొలికాన్పుకు పుట్టింటికొచ్చిన మా అక్కకు నొప్పులు మొదలయ్యాయి. అమ్మ నా చొక్కా నా మీదికి విసిరి, "ఒరే, నర్సత్తను పిలుచుకొని రా. ఆడ గుడిలో ఆడోళ్ళ కూడికలో ఉంటాది. సీక్రం పో! దోవలో ఎవురితోనూ మాట్లాడబాక" అంది. నర్సత్త మాకు చుట్టం కాదు. ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి, మా పేటలో సగంమంది పిల్లల్ని తన చేతుల మీదుగా భూమ్మీదికి తెచ్చిన పెద్దావిడ. పేటంతటికీ అత్తే.

సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ముగింపు ప్రార్థన ఎవరు చేస్తారా అని చూస్తున్న అయ్యగారు (మా పాస్టరును అందరం అలాగే పిలిచేవాళ్ళం) నన్ను చూసి, "ప్రభువే పంపినాడు! రా తమ్ముడూ, రెండు ముక్కలు ప్రార్థన చెయ్యి" అన్నారు. ముప్పైమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా నావైపు తిరిగారు. నేను నోరు తెరిచింది అక్క సంగతి చెప్పడానికే, ఒట్టు. కానీ ఆ నోట్లోంచి "సర్వోన్నతుడవైన తండ్రీ" అని వచ్చింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఇక నన్ను ఆపేవాళ్ళెవరు? మధ్యలో ఒకసారి అక్క గుర్తుకొచ్చింది కూడా. వెంటనే "ప్రసవవేదనలో ఉన్న సమస్త స్త్రీలను" జ్ఞాపకం చేసుకోమని దేవుణ్ణి వేడుకున్నాను. దానికి అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది నర్సత్తే.

ముగించి, చెమట తుడుచుకుని, ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "అత్తా, అక్కకు నొప్పులొస్తా ఉండాయి. అమ్మ నిన్ను పిలుచుకొని రమ్మనింది."

"ఎప్పట్నించిరా?"

"నేను ఈడికి రాకముందు నించే."

"ఒరే పాపాత్ముడా! అంతసేపు దేవుడికి చెప్తివే, ఆయనకు తెలీని సంగతా అది? తెలీంది నాకు కదరా!" అంటూ సంచీ అందుకుని, వద్దంటున్నా వినకుండా నా సైకిలు వెనక ఎక్కి కూర్చుంది. ఆవిడ భారీ మనిషి. ముందు చక్రం ఒకటి రెండుసార్లు గాల్లోకి లేచింది. రైల్వే గేటు వేసి ఉంది. ఒక గూడ్సుబండి ఎంత తీరిగ్గా పోయిందో ఈనాటికీ నా కళ్ళకు కడుతుంది.

ఇంటికి చేరగానే అమ్మ నర్సత్తను లోపలికి లాక్కుపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తలుపు మూసుకుంది. పెరట్లో బట్టలుతికే రాతి మీద కూలబడి ప్రార్థన చేద్దామంటే, ఆదాము రాలేదు, ఓడ రాలేదు. "ప్రభువా, తప్పు నాది. అక్కను కనికరించు, నన్నూ కనికరించు." అంతే. చిన్నప్పటి నుంచి గుడి మానలేదనీ, పద్యంలా బైబిలు వాక్యాలు అప్పజెప్పాననీ చెప్పుకోవడానికి నోరు రాలేదు. చెప్పుకోవడానికి ఏమీ మిగలని ఆ నిమిషంలోనే, ఆయన వింటున్నాడన్న ధైర్యం కలిగింది. నా మంచితనం చూసి కాదు, తన మంచితనం కొద్దీ వింటాడు అనిపించింది.

లోపల అక్క మూలుగులు ఒక్కసారిగా ఆగిపోయాయి. తర్వాత చిన్న దెబ్బ చప్పుడు, ఆ వెంటనే పేటంతా వినబడేలా ఏడుపు. నర్సత్త చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "మేనల్లుడురా. మెడకు పేగు చుట్టుకొని ఉండె. ఇంకొంచెం ఆలస్యమయ్యుంటే..." అని, నా మొహం చూసి ఆగిపోయింది. తడి చెయ్యి నా నెత్తిన పెట్టి, "దేవుడు మంచోడు. పో, మీ అక్కను చూడు పో" అంది.

అక్క మంచం పక్కన మోకాళ్ళ మీద పడి, "నా వల్లేనక్కా" అని జరిగిందంతా చెప్పి బావురుమన్నాను. అక్క నీరసంగా నవ్వి, "నొప్పులు పడింది నేను, ఏడ్చేది నువ్వా? మొగం కడుక్కోపో" అంది.

మరుసటి ఆదివారం అయ్యగారు మళ్ళీ నన్నే లేపారు. "ప్రభువా, కనికరించినావు, స్తోత్రం. ఇకమీదట కూడా కనికరించు. ఆమేన్" అని కూర్చున్నాను. ఒక్కరూ కళ్ళు తెరవలేదు. ఊపిరి తీసుకుంటున్నాననుకున్నారు పాపం.

ఇప్పుడు తల నెరిసింది. మోకాళ్ళు వంగవు గానీ, "కనికరించు" అన్న ఆ మాట చాలా తేలిగ్గా వస్తుంది. ఆ ఇరవై ఏళ్ళవాడు తలపుకొస్తే కొన్నాళ్ళు సిగ్గుపడేవాణ్ణి. ఈమధ్య నవ్వొస్తోంది, కాస్త ముద్దు కూడా వస్తోంది. అంత గొంతేసుకుని అరిచే వెర్రివాణ్ణి కూడా దేవుడు విసుక్కోకుండా భరించాడంటే, ఈ ముసలివాడికేం భయం?