పెద్దయ్య బోర్లించిన పాల కప్పు

మా పక్క గది పెద్దయ్య పోయిన ఆదివారం తెల్లవారేసరికి పోయారు. ముందురోజు సాయంత్రం హాకీ జట్టు కబుర్లన్నీ చెప్పి, గంజి తాగి, పడుకున్నారు. పొద్దున్న గ్లాసుడు వేడి కోపీ ఇద్దామని తలుపు తట్టాను. పలకలేదు. మా ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, కాసేపటికి బయటికి వచ్చి, "మావ ఎల్లిపోనాడే" అన్నారు. ఇద్దరం ఆ గడప మీదే కూలబడి ఏడ్చాం.

ఏడ్చిన మాట నిజమే గానీ, గుండెల మీంచి ఒక బరువు దిగిన మాట కూడా నిజమే. రబ్బరు ధర పడిపోయినప్పటి నుంచి, ఒంట్లో సత్తువ అయిపోయిన ముసలివాళ్లను ఈ మలయా తోటల నుంచి ఓడ ఎక్కించి ఇండియాకి తిరిగి పంపేస్తున్నారు. పెద్దయ్యకు అదొక్కటే భయం. అక్కడ దిగితే ఆయన్ని గుర్తుపట్టే మనిషి ఒక్కరూ మిగల్లేదు. "నన్ను ఓడెక్కించీకముందే తీసికెళ్లిపొమ్మని మీ దేవుడికి సెప్పమ్మీ, నా మాట ఇంటాడో లేదో" అని నవ్వేవారు. విన్నాడు. తన గదిలో, తన చాప మీద, నిద్రలోనే తీసుకెళ్లాడు. అంతకంటే నేను అడిగేదేమీ లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్న వచ్చిన ఓడలోనే వచ్చారట, అందుకని నాకు పెద్దయ్య. మా ఆయన్ని "అల్లుడా" అని పిలిచేవారు. కూలి లైన్లలో గదికీ గదికీ మధ్య ఉండేది చెక్క గోడ, అది కూడా పైకప్పు దాకా ఉండదు. ఇటు మాట అటు, అటు దగ్గు ఇటు. మేమిద్దరం కీచులాడుకుంటే పెద్దయ్య అవతల నుంచి గట్టిగా దగ్గేవారు. నాకు వినిపిస్తోంది, కాస్త మెల్లగా అని దానర్థం. అంత మర్యాద గల మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇపో వెళ్లే దారిలో ఉన్న మా తోటలో హాకీ అంటే ప్రాణం పెడతారు. పెద్దయ్య జన్మలో కర్ర పట్టలేదు, కానీ ఆయన లేనిదే ఆట లేదు. శనివారం సాయంత్రం లైను ముందున్న బల్ల మీద పదకొండు రబ్బరు గింజలు పేర్చేవారు. గింజకొక ఆటగాడు. తెలుగువాళ్లూ తమిళులూ చుట్టూ చేరేవారు. ఎవరి మోకాలు వాచింది, ఎవరి వేలు విరిగింది, ఎవరికి ఏ తోట కంగాణి, అదే కూలీల మేస్త్రీ, గాలం వేస్తున్నాడు, అన్నీ అక్కడే తేలేవి. మంచి ఆటగాడు దొరికితే చాలు, పక్క తోటవాళ్లు సులువైన పని ఇస్తాం, వంట కొట్టంతో పెద్ద గది ఇస్తాం అని మూడేళ్ల ఒప్పందం కాగితం పట్టుకుని వచ్చేస్తారు. పెళ్లి సంబంధాలకు కూడా అంత హడావుడి ఉండదు.

దెబ్బ తగిలిన వాడి గింజ మీద పెద్దయ్య రబ్బరు పాలు పట్టే కప్పు ఒకటి బోర్లించేవారు. ఆ కప్పును ఎత్తాల్సింది ఆటగాడే. వాడు ఎత్తేదాకా వాడి కాలు సంగతి ఎవరూ అడగకూడదు, వాణ్ణి ఆటకు రమ్మని తొందర పెట్టకూడదు. "కాలు ఆడిది. మనది నోరే. నోరు కూసింత అదుపులో ఎట్టుకోవాల" అనేవారు. చుట్టుపక్కల తోటలన్నిటికీ ఈ కట్టుబాటు తెలుసు. పెద్దయ్య కప్పు బోర్లించాడంటే డాక్టరు చెప్పినట్టే లెక్క.

కొన్నేళ్ల కిందట, నా కడుపులో పిల్ల ఉన్న రోజుల మాట ఇది. మా ఆయన జట్టులో ముందు వరస ఆటగాడు. చీలమండ బెణికి ఆయన గింజ కప్పు కిందికి వెళ్లింది. అదే సమయంలో కౌలా సెలంగోర్ వైపు ఒక తోట నుంచి ఆయన బావ కబురు పెట్టారు. ఆ తోట కంగాణి ఆ బావే. కాలు బాగైన వెంటనే కాగితం పట్టుకుని వస్తాను, మీరిద్దరూ సామాను సర్దుకోండి అని.

ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. అది సముద్రం పక్క చిత్తడి నేల, చలిజ్వరాల చోటు. మా అక్క ఆ వైపుకే కాపురానికి వెళ్లి, ఇద్దరు బిడ్డల్ని జ్వరానికి ఒప్పగించి వచ్చింది. నాది ఇంకా భూమ్మీద పడని బిడ్డ.

"ఒద్దని సెప్పీయరాదా?" అన్నాను మా ఆయనతో.

"అక్క మొగుడే. మొకం మీద ఒద్దని ఎలాగంతాను?" అన్నారు. ఆయనకూ వెళ్లాలని లేదు. కానీ బావ మాట కాదనడం ఆయన వంశంలోనే లేదు. నేను ఏడ్చాను. ఆయన అటు తిరిగి కూర్చున్నారు. ఆరోజు గోడ అవతల నుంచి దగ్గు వినిపించలేదు.

శనివారం వచ్చింది. కాలు నయమైపోయింది. ఆ పొద్దున్న కూడా ఆయన కొండవాలు చెట్లన్నీ గీసి, పాల బాల్చీలు మోసుకుని దిగారు. సాయంత్రం కప్పు ఎత్తుతారని అందరూ బల్ల దగ్గర చేరారు. బావ, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని, జేబులో మడత పెట్టిన కాగితంతో వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

మా ఆయన కప్పు మీదికి చెయ్యి చాచారు. అంతకంటే ముందే పెద్దయ్య తన అరచెయ్యి దాని మీద పెట్టేశారు.

"ఇయ్యేల కాదులే, అల్లుడా."

బావ ముందుకు వంగారు. "ఏటి, కాలు ఇంకా కుదర్లేదా?"

"కప్పు మీద నా సెయ్యి అవుపడతంది గదా, కంగాణీ. మరి అడక్కూడదు."

బావ మా ఆయన వైపు చూశారు. మా ఆయన నా వైపు చూశారు. చూసి, తల దించుకుని, మెల్లగా వంగి చీలమండ రుద్దుకోవడం మొదలుపెట్టారు. అబద్ధం ఆడలేదు, నిజం చెప్పలేదు. బావ నిట్టూర్చి, కోపీ తాగి, "జాగర్త సూసుకోరా బామ్మర్దీ" అని భుజం తట్టి వెళ్లిపోయారు. తరవాతి వారానికల్లా ఆ కాగితం మీద ఇంకెవరో వేలిముద్ర వేశారని తెలిసింది. ఆ సాయంత్రం బావవాళ్ల బండి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోంచి కదల్లేదు. తరవాత లోపలికి వెళ్లి, చెక్క గోడకు తల ఆనించి, పొయ్యి ఆరిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

మర్నాడు మా జట్టు చిత్తుగా ఓడిపోయింది. ముందురోజు పొద్దున్న కొండవాలంతా చురుగ్గా తిరిగినవాణ్ణి కప్పు కింద ఎందుకు ఉంచావని అందరూ పెద్దయ్య మీద విరుచుకుపడ్డారు. ముసలాడికి మతి పోయిందన్నారు. కొన్నాళ్లు బల్ల దగ్గరికి సగం మందే వచ్చారు. మాట తప్పని మనిషి అన్న పేరు ఒక్కటే ఆయన ఆస్తి. దాన్ని మా కోసం ఖర్చు పెట్టేశారు. నేను గంజి తీసుకెళ్లి, "నా వల్లే గదా పెద్దయ్యా, అందరి సేతా మాటలు పడతన్నావు" అన్నాను.

"నాను ఒక్క అబద్దం ఆడలేదమ్మీ. కప్పు మీద సెయ్యేసినాను, అంతే" అన్నారు. "ఆట వచ్చే వారం మల్లీ ఆడొచ్చులే" అని గంజి గిన్నె అందుకున్నారు.

ఆ వచ్చే వారమే మా ఆయన కప్పు ఎత్తారు. పిల్ల పుట్టింది, పెరిగింది, పెద్దయ్య పక్కన బల్ల మీద కూర్చుని గింజలు అందించే ఈడుకు వచ్చింది. ఒక్క జ్వరం కూడా రాలేదని చెప్పను, కానీ వచ్చినవన్నీ దిగాయి.

మొన్న శనివారం, పెద్దయ్య లేని మొదటి శనివారం, జనం అలవాటు కొద్దీ బల్ల దగ్గరికి వచ్చారు. ఎవరో గింజలు పేర్చారు. మాట మొదలుపెట్టే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. మా పిల్ల మనుషుల కాళ్ల మధ్య నుంచి దూరి వెళ్లి, పెద్దయ్య కూర్చునే చోటే ఎక్కి కూర్చుంది. కప్పు ఒళ్లో పెట్టుకుని, ఆయనలాగే గొంతు సవరించుకుని, "ఏటి సంగతి? ఎవల కాలు ఎలాగుంది?" అంది.

అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ కొందరు కళ్లు తుడుచుకున్నారు. మా ఆయన ముందుకు వచ్చి, ఆరోజు రుద్దుకున్న కాలునే పిల్ల ముందు బల్ల మీద పెట్టారు.

"బాగుందమ్మా" అన్నారు, అందరికీ వినపడేలా. "నా కాలు అప్పుడూ బాగానే ఉంది."