రంగమ్మగారి నడుము

2022 నాటి మాట. ఆళ్లగడ్డలో మా శిల్పశాల. నంద్యాలలో ఒక అమ్మవారి గుడికి మండపం కడుతుంటే స్తంభాలు చెక్కే పని నాకు దక్కింది. మండపం ముందువైపు స్తంభానికి దాతలు సుబ్బయ్య, రంగమ్మ దంపతులు. పప్పుల అంగడి వాళ్లది. ఆ స్తంభం కోసం రంగమ్మగారు తన బంగారు గాజులు ఇచ్చేశారు. స్తంభం అడుగుభాగంలో దాతల బొమ్మలు చేతులు జోడించి నిలబడి ఉండడం మన గుళ్లలో పాత ఆచారమే.

కొలతలకు సుబ్బయ్యగారు ఒక్కరే వచ్చారు. "అంగడి ఇడిసి ఇద్దరం యాడొస్తామప్పా? ఆమెను అందంగా చెక్కు, సాలు" అని ఒక ఫోటో ఇచ్చిపోయారు. నేను ఫోటోలో మొహం చూశాను, అంతే. ఆడబొమ్మ అనగానే నా చేతికి దేవత కొలతలే వస్తాయి. మాకు తాళం అంటే ముఖం పొడవు. అదే కొలబద్ద. దేవతకు తొమ్మిది తాళాల ఎత్తు, పిడికెడు నడుము. ముప్పై ఏళ్ల అలవాటు. కళ్లు మూసుకున్నా ఉలి ఆ దారినే పోతుంది. పోయింది కూడా.

ప్రతిష్ఠకు పన్నెండు రోజులుందనగా రంగమ్మగారు ఐదేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని చూడడానికి వచ్చారు. గుండ్రటి మనిషి. నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. బొమ్మను చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూశారు.

"ఏమప్పా, మా ఆయప్ప పక్కన ఎవురో వయసు పిల్లను నిలబెట్టినావే! ఎవురీమె?"

పనివాళ్లు పక్కున నవ్వారు. నేను ఉలి కింద పెట్టాను. "మీరేనమ్మా. ఆడమూర్తికి లక్షణం అట్లనే ఉంటాది."

"లక్షణమా! ఆయప్ప బొజ్జ ఉన్నదున్నట్టు దింపినావు గదా. అది కనపడింది గానీ నా నడుము కనపడలేదా నీకు? ముగ్గుర్ని కన్న నడుమిది. కందిపప్పు మూటలు మోసిన నడుమిది."

షావుకారుకు బొజ్జే హుందా అనుకుని ముచ్చటపడి చెక్కాను. ఆమె హుందాతనం ఎందులో ఉందో అడగనే లేదు.

మనవరాలి తల నిమురుతూ ఆమె మెల్లగా అన్నారు: "నేను పోయినాక ఈ బిడ్డ గుడికొచ్చి అవ్వ యాడుందని వెతుక్కుంటాది. ఈ సన్నపిల్లను చూపిస్తే నమ్ముతాదా? గాజులు నావి, బొమ్మ ఎవురిదో!"

సిగ్గుతో తల వాలిపోయింది నాకు. రాయి మట్టి కాదు. తీసింది తిరిగి అంటించలేం. సన్ననడుమును లావు చేసే ఉలి ఇంకా పుట్టలేదు. కొత్త రాయి తెప్పించే టైమ్ లేదు. మిగిలింది ఒకటే చోటు, దంపతుల బొమ్మలకు పక్కగా, దాతల పేర్ల కోసం స్తంభం ముందువైపు నున్నగా వదిలిన పలక. అక్కడ బొమ్మ చెక్కితే పేర్లకు చోటుండదని చెప్పాను.

"పేరెందుకప్పా? నన్ను నా మాదిరి చెక్కు. నంద్యాలలో ఎవురైనా గుర్తుపడతారు" అని చేతులు జోడించి అక్కడికక్కడే నిలబడిపోయారు. "ఊఁ, కానీ. ఈసారి సూసి చెక్కు."

మూడు రోజులు వరుసగా వచ్చారు. మా ఆవిడ దారంతో ఆమె కొలతలు తీసింది. పొట్టి మెడ, రెండు మడతల నడుము, ఎత్తు ఆరున్నర తాళాలు. "ముప్పై ఏండ్లుగా దేవతల్ని చెక్కి, ఆడమనిషిని సూసేది ఇప్పుడు నేర్చుకుంటాండావ్" అని మా ఆవిడ నాకు చురక కూడా వేసింది.

మరి సుబ్బయ్యగారి పక్కనున్న సన్నపిల్ల సంగతి? "నా మొగుడి పక్కన ఎవురూ వద్దు" అని రంగమ్మగారు తేల్చేశారు. ఆ పిల్లను పూలతీగగా మార్చేశాను. పెద్దగా చెక్కాల్సింది కూడా లేకపోయింది.

ప్రతిష్ఠ రోజున సుబ్బయ్యగారు స్తంభం చుట్టూ తిరిగి చూశారు. "ఏందీ, నన్ను పక్కకు నెట్టి నువ్వు ముందుకొచ్చినావే!"

"గాజులు ఎవురివి?" అన్నారామె.

ఇంతలో మనవరాలు పరుగున వచ్చింది. దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. నేరుగా పోయి రాతిబొమ్మ నడుమును వాటేసుకుని, చెంప ఆనించి, "అవ్వ సల్లగుంది!" అని కేక పెట్టింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ఇప్పుడు ఎవరైనా ఫోటో చేతిలో పెట్టి "అందంగా చెక్కు" అంటే, ఫోటో తిరిగి ఇచ్చేసి, అందులో ఉన్న మనిషిని తీసుకురమ్మంటాను.