చివరి పెద్దక్షరం

ముంబై కామాటిపురలో, వరస గదుల మా చాల్‌లో పక్క గది అత్త, నాగ్‌పాడాలోని ఒక కార్ఖానాలో స్కూలు బ్యాగుల మీద మిషన్‌తో పేర్లు కుట్టేది. ఇంగ్లీషు చదవడం రాదు. చీటీ మీద గీతలెట్లా ఉంటే అట్లా దించేది. నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు ఒకరోజు పిలిచి అడిగింది.

"బిడ్డా, పేర్ల ఏ అచ్చరం పెద్దగ కుట్టాలె?"

"మొదటిది, అత్తా."

"ఎవరి పేరుకైనా?"

"ఎవరి పేరుకైనా."

"సేటుకూ అంతే, ఊడ్చేటామెకూ అంతేనా?" తల గోక్కుంది. "మరి పెద్దోళ్లెవరో ఎట్ల తెలుస్తది?"

పెద్దక్షరమంటే ఇంగ్లీషోళ్ల ‘గారు’ అనుకుందని నాకప్పుడు తట్టలేదు. "రూలంతే" అన్నాను. ఎందుకో నాకూ తెలియదు.

వారం తర్వాత నా రెగ్జీన్ బ్యాగు మీద నా పేరు కుట్టి తెచ్చింది. అక్షరాలన్నీ చిన్నవి. చివరిది మాత్రం పెద్దది.

"క్లాసులో నవ్వుతారత్తా!" అని అరిచాను.

"పుట్టంగనే ఎవరు పెద్దగుంటరు బిడ్డా? పోను పోను అయితరు గద!" అంది అయోమయంగా. నేను మూతి ముడుచుకున్నాను. అత్త కుట్టు విప్పి, నేను చెప్పినట్టే మళ్లీ కుట్టింది.

ఇప్పుడు ఆఫీసులో ఎవరికి మెయిల్ రాసినా, పేరు దగ్గరికి రాగానే నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ బ్యాగు ఇంకా నా దగ్గరే ఉంది. రెగ్జీన్ మీద సూది గుచ్చిన చిల్లులు పూడవు. నా పేరు చివర అవి ఇంకా పెద్దక్షరంలాగే ఉన్నాయి. నేనంత పెద్దదాన్నయ్యానో లేదో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.