ఏడో నంబరు బిళ్ళ

గనులు మూతపడ్డాక గని కూలీల ఇళ్ళ వరసల్లో, అంటే మా లైన్లలో, ఇంటికొక సైకిలు పంచలో తుప్పుపడుతూ ఉండేది. షిఫ్టులే లేనప్పుడు వాటితో పనేముంది? మా నాయన ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, పన్నెండు సైకిళ్ళు పోగుచేశాడు. బాగుచేసి చర్చి పక్క షెడ్డులో నిలబెట్టాడు. పొద్దున్నే మొదటి రైలుకు బెంగళూరు బట్టల ఫ్యాక్టరీలకు పోయే ఆడవాళ్ళం ఇద్దరికొకటి తీసుకుని స్టేషనుకు పోవాలి, సాయంత్రం మళ్ళీ షెడ్డుకు చేర్చాలి. ఇంత తెలివైన ఏర్పాటు ఇంకే ఊళ్ళోనూ లేదని ఇప్పటికీ గొప్పలు పోతుంటాను.

చెడగొట్టింది మేమే. పొద్దున దొరకదేమోనని ఒకామె సైకిలును ఇంటికి తీసుకుపోయింది. ఆమెను చూసి ఇంకొకామె. వారం తిరిగేసరికి షెడ్డులో నాలుగే మిగిలాయి.

నాయన గనిలో దీపాల గదిలో పనిచేసినవాడు. అక్కడ లోపలికి దిగేవాళ్ళు తలా ఒక బిళ్ళ తీసుకుపోతారు, పైకొచ్చాక కొక్కేనికి తగిలిస్తారు. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఆయన నూనె డబ్బా రేకు కత్తిరించి, సైకిలుకొకటి చొప్పున పన్నెండు బిళ్ళలు చేసి, షెడ్డు గోడకు కొక్కేల చెక్క బిగించాడు. సైకిలు ఎవరి దగ్గరుంటే దాని బిళ్ళ వాళ్ళ చేతికే ఇచ్చాడు, సైకిలు షెడ్డుకు చేర్చాక కొక్కేనికి తగిలించాలి. లైన్లలో పుట్టినవాళ్ళం, ఖాళీ కొక్కెం చూస్తే మా గుండె ఝల్లుమంటుంది. రెండు రోజుల్లో సైకిళ్ళు వెనక్కి వచ్చాయి.

ఒక్కటి తప్ప. ఏడో నంబరు నా మంచం పక్కనే ఉండేది. పెళ్ళయి చివరి లైన్లో కాపురముంటున్నాను, షెడ్డు దాకా నడవకపోతే పావుగంట ఎక్కువ నిద్రపోవచ్చు. కూతుర్ని కదా, నన్నెవరడుగుతారని ధీమా! ఒకరోజు నేను ఇంటి నుంచే నేరుగా స్టేషనుకు పోతే, నా వెనక కూర్చోవలసినామె షెడ్డు దగ్గర ఎదురుచూసి, నడిచిపోయి, రైలు అందుకోలేకపోయింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే పనిలోకి రావద్దని ఫ్యాక్టరీలో తేల్చి చెప్పారట. గని పోయినప్పటినుంచి ఆ ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

ఆ సాయంత్రం అమ్మ మా ఇంటికి వచ్చింది. "మీ నాయన షెడ్డు కాడే నిలబడుకోని ఉండాడు. అన్నానికి రమ్మంటే, ఇంగా ఒకరు లోపలే ఉండారు, నేను యాడికీ రాను అంటాడు" అంది.

మంచం పక్కనున్న సైకిలు వైపు చూసింది. 

అమ్మను వెనక కూర్చోబెట్టుకుని షెడ్డు దగ్గరికి తొక్కుకుంటూ పోయాను. నా వల్ల రైలు అందనామె కూడా అక్కడ ఉంది. "తప్పు నాదేక్కా. రేపు నేను తొక్కుతా, నువ్వు ఎనక కూర్చో" అన్నాను. నాయన చెయ్యి చాపాడు. బిళ్ళ ఇచ్చాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను, అయినా ఈయన కూతురినని అంత గర్వపడిన రోజు నాకు ఇంకొకటి లేదు.

ఆయన బిళ్ళ తగిలించాడు. ఒకటి నుంచి పన్నెండు దాకా వేలితో తాకుతూ పోయాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"అందరూ పైకొచ్చినారు. పదమ్మా, అన్నం తిందాం."