టీ జల్లెడలో మేక చెవి

"నా టీ జల్లెడలో మేక సెవి కడిగినావా?"

"చెవి కాదండీ అమ్మమ్మగారూ, చెవి లోపలి ఎముక. తరవాత జల్లెడ కూడా సబ్బుతో తోమేశానండీ."

"సబ్బు కూడా నాదేనా?"

"మీదేనండీ."

"కార్తీకమాసంలో నీసు ఈ గుమ్మం ఎక్కకూడదని సెప్పినానా లేదా?"

"తినడానికి కాదు కదండీ! నీసు గిన్నెలన్నీ మూటగట్టి అటకెక్కించేశారు. మరి దేంట్లో కడగమంటారు?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. "తెల్లారేసరికి గది కాళీ సేసి ఎల్లిపో" అన్నాను. పిల్ల ముఖం పాలిపోయింది. చదువు మధ్యలో, మా పేట ప్రేమ్ బజార్‌లో, కాలేజీ గేటుకు ఇంత దగ్గరగా ఇంకో గది దొరకదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆ పిల్లది గుంటూరు వైపు. మా ముందుగదిలో అద్దెకుంటోంది. చదివే పెద్ద చదువంతా చెవి గురించేనట. నేను మూడో తరగతితో మానేసినదాన్ని. చెవి గురించి అంత చదవడానికి ఏముంటుంది? పుల్ల పెట్టి గుబిలి తీసుకోవడం ఒక్కటే నాకు తెలిసిన విద్య.

జల్లెడ సంగతి బయటపడేసరికే టీ కడుపులోకి దిగిపోయింది. కడగబోతే వలలో ఎర్రటి పీచు, గోరంత ఎముక ముక్క కనిపించాయి. మా ఆయన అప్పటికే గ్లాసు ఖాళీ చేసి, "ఈయేల టీ సిక్కగా ఉందే" అని మెచ్చుకున్నాడు కూడా. పిల్లని పొమ్మన్నాక పెరట్లోకి పరుగెత్తి నోట్లో వేలు పెట్టుకున్నాను. ఏమీ రాలేదు. లోపలే ఉండిపోయిందన్న తలపు మరీ రోత.

పిల్ల వెనకాలే వచ్చింది. "కంప్యూటర్‌లో నేను చేసిన చెవి తిన్నగా, పట్టీలా ఉందండీ. అసలు చెవి చుట్టచుట్టుకుని ఉంటుంది. ఒకసారి కళ్ళతో చూసి రమ్మన్నారు మా సారు. మాంసం కొట్టతన్ని బతిమాలి తెచ్చుకున్నాను. మీరూ ఒక్కసారి చూడండి. అప్పటికీ పొమ్మంటే పోతాను."

చూడనన్నాను. అయినా చూశాను. వక్కంత ఎముక, రాయిలా ఉంది. పగలగొట్టిన చోట శనగగింజంత నత్తగుల్ల. దాని నిండా నీళ్ళుంటాయట. ఆ నీళ్ళలో మొదట బిగుతుగా సన్నగా, పోనుపోను వదులుగా వెడల్పుగా ఒక పొర. పొర మీద కంటికి కనపడని వెంట్రుకలు. "అందరి చెవుల్లోనూ ఇంతేనండీ" అంది. చీ! నా తలలో కూడా ఈ తడి నత్త ఉందా అని చెవులు గీరుకున్నాను.

తరవాత కంప్యూటర్ తెరిచింది. అందులో గీత ఒకటి పాములా కదులుతోంది, అదే ఆ పొరట. ఈల లాంటి సన్నని శబ్దమైతే మొదట్లోనే పడగెత్తి పడిపోతుంది, లావు శబ్దమైతే చివరిదాకా పోయి లేస్తుంది. ఏ శబ్దానికి పొర ఎక్కడ ఊగుతుందో లెక్కగట్టడమే ఆమె చదువట.

"తాతగారిని పిలవండి" అంది.

మా ఆయన రైలు వర్కుషాపులో రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య పనిచేసి రిటైరయ్యాడు. కుక్కరు ఈల వేసినా లేవడు, నేను పిలిచినా పలకడు. పట్టాల మీద గూడ్సు కదిలితే మాత్రం "బండి ఎల్తంది" అంటాడు. నా మాటంటే లెక్కలేకే వినబడనట్టు నటిస్తున్నాడని నా నమ్మకం. ఎందరి ముందు తిట్టానో!

పిల్ల లావు శబ్దం పెట్టింది. "ఆఁ, గూడ్సు" అన్నాడు. సన్నం చేసుకుంటూ పోయింది. నా పళ్ళు జివ్వుమన్నాయి, చెవులు మూసుకున్నాను. ఆయన పన్ను సందులో వక్కముక్క తీసుకుంటూ కూర్చున్నాడు.

"ఏటి, అయిపోయిందా?" అన్నాడు.

"చూశారా?" అంది పిల్ల, గీత మొదలు చూపించి. "తాతగారికి ఈ చోట వెంట్రుకలు చచ్చిపోయాయండీ. సుత్తి చప్పుడుకి. మళ్ళీ మొలవవు."

"మరి నా గొంతు ఏ సోటుది?"

పిల్ల వేలు మళ్ళీ అక్కడికే జరిపింది. "మీది కాస్త... సన్నం కదండీ. పైగా కోపమొస్తే ఇంకా పైకెళ్తుంది."

ఇన్నేళ్ళ నా పిలుపులు, తిట్లు, ఆ నత్తగుల్ల గుమ్మంలోనే పడి కుళ్ళాయన్నమాట. మేక ఎముక మీద కన్నా నా గొంతు మీదే ఎక్కువ రోత పుట్టింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పిల్లను ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

పొద్దున్న లేచేసరికి ఆమె బేగు సర్ది వసారాలో పెట్టి, పక్కనే నిలబడి ఉంది. పాత పంచె ముక్కతో మూడు గ్లాసుల టీ వడగట్టాను. మా ఆయన దగ్గరకు వెళ్ళి, గొంతు బాగా దించి, "టీ" అన్నాను.

"ఎందుకే అలా అరుస్తావు? వినబడతంది" అన్నాడు.

పిల్ల నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది. "నవ్వింది సాలు. బేగు లోపలెట్టు, దారికి అడ్డం" అన్నాను. బేగు గదిలో పెట్టి, టీ తాగి, ఎముక డబ్బా సైకిల్ బుట్టలో పడేసుకుని కాలేజీకి పోయింది. నా టీ నేను తాగలేకపోయాను. అదీ మా ఆయనే తాగాడు.

జల్లెడ పారెయ్యలేదు. ఇది ఎముకలదని గుర్తుగా ఎర్ర దారం కట్టి, అటక మీది నీసు గిన్నెల మూటలో వేశాను.