మెత్తచేతుల సిస్టరు

ఆ వార్డులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. రోగులకూ, వాళ్ల చుట్టాలకూ, చివరికి మందుల గది గుమస్తాకు కూడా ఆమె మెత్తచేతుల సిస్టరే. ఆమె సూది వేస్తే చీమ కుట్టినంత కూడా ఉండదనీ, కట్టు విప్పితే పుండుకే తెలియదనీ చెప్పుకునేవారు. డ్యూటీ ఎక్కేముందు మందుల బల్ల దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని, "తండ్రీ, ఈ చేతులు నీవే, నీ పనికే వాడుకో" అని మనసులో అనుకున్నాకే ఆమె మొదటి సీసా మూత తీసేది.

ఆ చేతులంటేనే ఆమెకు రోత పుట్టసాగింది.

కారణం, వార్డులో అందరూ కంటితుడుపు అని పిలుచుకునే పని. ప్రాణం పోయి ఒళ్లు చల్లబడ్డ మనిషిని ఎవరైనా మోసుకొస్తే, డాక్టరు నాడి చూసి పెదవి విరుస్తాడు. బయట చుట్టాలు తలుపు అద్దానికి మొహాలు ఆనించి చూస్తుంటారు. ఏమీ చెయ్యకుండా వదిలేశారన్న మాట రాకూడదు. అందుకని ఎవరో ఒక సిస్టరు శవం ఛాతీ మీద చేతులు వేసి కాసేపు నొక్కాలి. గట్టిగా నొక్కితే ముసలి ఎముకలు పటుక్కుమంటాయి, అదో గొడవ. కాబట్టి మోచేతులు వంచి, భుజాలు మాత్రం బాగా ఊపుతూ, పిల్లల్ని జోకొట్టినట్టు నొక్కాలి. అద్దంలోంచి చూసేవాళ్లకు అది భగీరథ ప్రయత్నంలాగే ఉంటుంది. ఆ తర్వాత డాక్టరు నుదురు తుడుచుకుంటూ బయటికి వెళ్లి, "మా శాయశక్తులా చూశామండీ" అంటాడు. ఆ నుదుటి మీద చెమట చుక్క ఉండదు.

ఈ పనిలో ఆమెను మించినవాళ్లు లేరని పేరు.

"మెత్తచేతుల సిస్టర్ని పిలవండి, శవానికి కూడా నొప్పి తెలియదు" అని డాక్టరు ఒకసారి పెద్దగా నవ్వాడు. పని కాగానే ఆమె కుళాయి దగ్గరికి వెళ్లి, వేళ్ల సందులు మండేదాకా సబ్బు రుద్దుకుంది. ఇంట్లో ముద్ద నోటి దాకా తీసుకెళ్లి, ఆ చల్లదనం వేళ్లకు గుర్తొచ్చి దించేసేది. "చెంచా ఇవ్వనా దొరసానిగారికి?" అని భర్త వేళాకోళం చేసేవాడు గానీ, రెండోసారి అడగకుండానే చెంచా తెచ్చి కంచం పక్కన పెట్టేవాడు.

అసలు పద్ధతి ఆమెకు తెలియక కాదు. అరచేతి మొదలు ఛాతీ నడిమి ఎముక మీద ఆనించాలి, మోచేతులు వంగకూడదు, రెండంగుళాల లోతు దిగాలి, మళ్లీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. చదువుకునే రోజుల్లో రబ్బరు బొమ్మ మీద నేర్చుకుంది. అలాంటి బొమ్మే ఆసుపత్రిలోనూ ఒకటుంది. పాడైపోతుందని ప్లాస్టిక్ కవరు విప్పకుండా బీరువాలో పెట్టారు. పెద్దలెవరైనా తనిఖీకి వస్తే బయటికి తీసి, దుమ్ము తుడిచి, దాని చుట్టూ నిలబడి ఫొటో దిగి, మళ్లీ బీరువాలో పడుకోబెట్టేవారు. శవాలకేమో దొంగ సేవ, బొమ్మకేమో రాజభోగం. తలుచుకుంటేనే ఆమెకు వెగటు.

ఆ ఆసుపత్రిలో ఆమెకు వెగటు పుట్టించని మనిషి స్ట్రెచర్ తోసే బాబాయి. వరసకు ఎవరికీ ఏమీ కాడు, అందరికీ బాబాయే. రోగి తల ఇనుముకు తగలకుండా తన తువ్వాలు నాలుగు మడతలు పెట్టి కింద ఉంచేవాడు. గడప దగ్గర బండి కుదుపుతుందని ముందు చక్రాలు ఎత్తి, "అమ్మా, ఒక్క చిన్న ఊపు, అంతే" అని చెప్పి మరీ దాటించేవాడు. స్పృహలేని రోగికి కూడా చెప్పేవాడు.

"వినపడుతుందా బాబాయ్ వాళ్లకి?"

"వినపడకపోతే నా నోరేం అరిగిపోదు కదమ్మా."

ఒక మధ్యాహ్నం చుట్టాలందర్నీ బయటికి పంపేసి వార్డు తలుపులు మూశారు. బాబాయి ఖాళీ బండి తోసుకుంటూ వచ్చి, గోడకు ఆనించి, "కాస్త ఆయాసంగా ఉందమ్మా" అన్నాడు. అంటూనే మోకాళ్ల మీదికి జారి, పక్కకు ఒరిగిపోయాడు.

ఆమె ఒక్క అంగలో చేరింది. భుజం తట్టి పిలిచింది, పలకలేదు. ఊపిరి లేదు. మెడ దగ్గర నాడి చేతికి అందలేదు. "డాక్టర్ని పిలవండి, షాక్ మిషను తెండి" అని కేకేసి, నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి నొక్కడం మొదలుపెట్టింది. ఈయన్ని పోనివ్వకు తండ్రీ అనుకుంటూ నొక్కుతోంది. భుజాలు ఊగుతున్నాయి. జడ ఊగుతోంది.

నోట్లోకి గాలి ఊదే ఊపిరి సంచి పట్టుకుని ఎదురుగా మోకాళ్ల మీద కూలబడిన సిస్టరు, ఆమెతోపాటు చదువుకున్న స్నేహితురాలు. నోటి దురుసు వల్ల మిరపకాయ అని పేరు పడింది. మిరపకాయ ఒక్క క్షణం బాబాయి ఛాతీ వైపు చూసింది.

"ఏమే, కంటితుడుపు చేస్తున్నావే. ఇక్కడ చుట్టాలెవరున్నారు చూడ్డానికి?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. మోచేతులు వంగి ఉన్నాయి. బాబాయి చొక్కా నలుగుతోంది గానీ ఛాతీ దిగడం లేదు. ఇన్నాళ్లూ శవాల మీద ఆడిన నాటకం బతికించాల్సిన మనిషి మీదికి దానంతటదే వచ్చేసింది. తన చేతుల్ని చూస్తే ఎంగిలాకును ముట్టుకున్నంత అసహ్యం వేసింది. అసహ్యపడటానికి కూడా వ్యవధి లేదు. మోచేతులు బిగించి, ఒంటి బరువంతా దించింది. పక్కటెముక పటుక్కుమంది. ఆగలేదు. అలసిపోతే మిరపకాయ నొక్కింది, మళ్లీ ఆమె అందుకుంది. డాక్టరు పరుగెత్తుకొచ్చి మిషనుతో షాక్ ఇచ్చాడు. రెండో షాక్ తర్వాత బాబాయి గొంతులో గురక లాంటి శబ్దం వచ్చింది. నాడి తగిలింది.

బతికాడు. కొన్నాళ్లకు గుండె వార్డు మంచం మీద లేచి కూర్చున్నాడు. పలకరించడానికి వెళ్తే, "సూది వేస్తే తెలియని చెయ్యి, నా ఎముక విరిచిందటగా? ఎవరైనా చెబితే నమ్మను తల్లీ" అన్నాడు. ఆమె నవ్వబోయి, నవ్వలేక, ఆయన దుప్పటి సర్దింది.

ఆ వారంలోనే ఒక ముసలామెను తీసుకొచ్చారు. ఒళ్లు చల్లబడి బిగుసుకుపోయింది. డాక్టరు నాడి చూశాడు, పెదవి విరిచాడు. "సిస్టర్, కాసేపు కానివ్వండి" అంటూ ఫోను తీశాడు.

"చెయ్యనండి."

"బయట జనం ఉన్నారు. చూస్తున్నారు."

"ఈ చేతులకు అది అలవాటైపోయిందండీ. బాబాయి దగ్గర మీరు వచ్చేలోపు నేను అదే చేశాను. ఇంక చెయ్యను."

డాక్టరు చిరాగ్గా తనే చెయ్యి చాపాడు, ఒక్క చెయ్యి. రెండో చేతిలో ఫోను అలాగే ఉంది. ఆమె దుప్పటిని ముసలామె గడ్డం దాకా లాగి, అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. చాచిన చెయ్యి కాసేపు గాల్లో ఉండి వెనక్కి వెళ్లింది.

"అయితే బయటికెళ్లి మీరే చెప్పుకోండి."

వెళ్లింది. ముసలామె కొడుకు ఎదురొచ్చాడు.

"ఇక్కడికి వచ్చేసరికే అమ్మ లేదు బాబూ. ప్రాణం ఉండుంటే నేను వదిలేదాన్ని కాదు."

"అంటే ఏమీ చెయ్యలేదా?"

"లేదు. చెయ్యడానికి ఏమీ మిగల్లేదు."

వెనక నుంచి మేనమామ అందుకున్నాడు. జీతాలెందుకన్నాడు, మనుషులేనా అన్నాడు, నీ తల్లయితే ఇలాగే నిలబడతావా అన్నాడు. ఆమె తల వంచుకుని అన్నీ విన్నది. ఆ తిట్లు ఏడుపులోంచి వస్తున్నాయి, వాటిలో నటన లేదు. అందుకే కాబోలు ఆమెకు వెగటు పుట్టలేదు. ఆయన అలిసి గోడకు ఆనుకున్నాక, కొడుకును చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, తల్లి పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టింది.

తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లి, ఒక్కసారి చేతులు కడుక్కుని, బొమ్మ ఉన్న బీరువా తాళం అడగడానికి పెద్ద సిస్టరు గదికి వెళ్లింది. మిరపకాయ వెంటే నడిచింది.

"ఆవిడ ఇవ్వదే. ప్లాస్టిక్ చిరుగుతుందంటుంది."

"చిరగనీ," అంది ఆమె.