ఆకులు తిరగేసే పిట్ట

వీధిలో అందరూ అతన్ని అద్దాలాయన అనేవారు. కిటికీలకూ షోకేసులకూ అద్దాలు కోసి బిగించడం అతని పని. అద్దం మీద ఒక్క గీత గీసి టక్కున విరిచాడంటే అంచు ఎక్కడా చెక్కు లేచేది కాదు. చేతుల నిండా పాత గాట్లే. "మీ చెయ్యి చూసి జాతకం చెప్పమంటే చెప్పేవాడు పారిపోతాడు" అని ఏడిపించేది భార్య.

ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. ఇంటి వెనక చిన్న పెరడు, చెట్ల కింద మందంగా ఎండుటాకులు. వాటిని ఎవర్నీ ఊడవనిచ్చేది కాదు. చలి మొదలవగానే ఆ ఆకుల్లోకి ఒక పిట్ట వచ్చేది. మట్టిరంగు వీపు, తెల్లటి రొమ్ము నిండా నల్లటి చుక్కలు. ముక్కుతో ఆకును పట్టి పక్కకు విసిరి, కింద కనబడిన పురుగును లాక్కుని, నాలుగు గెంతులు వేసి, మెడ నిక్కించి ఆగేది. అలికిడైతే పొదలోకి జారుకునేది. దాన్ని త్రష్ అంటారని ఎదురింటి పంతులమ్మ చెప్పింది. ఎక్కడో మంచు పడే అడవుల్లో పిల్లల్ని లేపి, చలికాలానికి ఇంత దూరం వస్తుందట. ఒకసారి నచ్చిన చోటుకే మళ్ళీ రావడం కూడా ఉందట. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమెకు అది చుట్టమైపోయింది.

"అంత దూరం నుంచి వచ్చి మన చెత్తలో ఏరుకు తింటోందండీ."

"నీ వంట తప్పించుకుంది కదా, అదృష్టవంతురాలు" అనేవాడు. ఆమె దారపు ఉండ తీసి విసిరేది.

ఒక ఏడు ఆమెకు వెన్నులో జబ్బు చేసింది. ఆపరేషను తర్వాత కాళ్ళు స్వాధీనంలోకి రాలేదు. మంచం వెనక గదిలో వేశారు. ఆ గదికి ఉన్నది పైకప్పు దగ్గర చిన్న వెంటిలేటరు మాత్రమే. ఆమె నోరు తెరిచి ఏదీ అడిగేది కాదు. ఒకరోజు మాత్రం, "పిట్ట వచ్చిందాండీ?" అంది. అతను నాలుక కరుచుకున్నాడు. పెరట్లోకి తొంగి చూసి ఎన్నాళ్ళయిందో.

తాపీమేస్త్రిని పిలిచి పెరటివైపు గోడ పగలగొట్టించాడు. మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా గోడంత అద్దం తనే బిగించాడు. మరక అన్నది లేకుండా తుడిచాడు. ఆమె చెయ్యి చాచి, "అసలు అద్దం ఉందా, లేదా?" అంది.

"అదే కదా పనితనం" అన్నాడు గొప్పగా.

అక్కను చూసుకోవడానికి వచ్చిన మరదలు, ఆసుపత్రిలో నర్సు, "తలుపుకన్నా కిటికీ పెద్దదైంది బావా. దొంగలకు శ్రమ తగ్గింది" అంది. ఆసుపత్రి నుంచి వచ్చాక భార్య నవ్వడం అదే మొదలు.

ఆ చలికాలమంతా సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి ఆమె దగ్గర కబుర్లు సిద్ధంగా ఉండేవి. ఇవాళ నత్తను రాయికేసి కొట్టి తింది, ఇవాళ మైనాలతో కయ్యానికి దిగింది.

ఒక ఉదయం అతను పెరట్లో కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. గోడ మీంచి పిల్లి దూకింది. పిట్ట ఒక్కసారిగా లేచి, అద్దంలో కనబడే చెట్లలోకి వెళ్ళబోయింది. ఠప్పుమని చప్పుడైంది.

చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. మెడ వాలిపోయింది. వెంటనే లోపలికి చూశాడు. భార్య అటు తిరిగి నిద్రపోతోంది. గబగబా చెట్టు కింద గొయ్యి తీసి కప్పెట్టాడు. అద్దానికి అంటిన నూగు తుడిచేశాడు.

మధ్యాహ్నం ఆమె అడక్క ముందే, "పిట్ట వెళ్ళిపోయినట్టుంది. చలి తగ్గింది కదా" అన్నాడు.

"వెళ్ళే ముందు పాడతాయంది పంతులమ్మ. నాకు వినపడలేదే."

"పొద్దున్నే పాడింది. నువ్వు నిద్రలో ఉన్నావు."

"అలాగా" అంది. "బాగా పాడిందా?"

"బాగా."

ఎండలు ముదిరాక ఆమె ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. వానలు పడకముందే పోయింది.

మంచం తీసేసే రోజున, దుప్పట్లు మడతపెడుతూ మరదలు అంది: "అక్క అంతా చూసింది బావా. అది గుద్దుకోవడం, మీరు మట్టి కప్పడం. మీరు లోపలికి చూడబోతున్నారని అటు తిరిగి పడుకుంది, మీరు గొయ్యి తీస్తుంటే మళ్ళీ ఇటు తిరిగింది."

 "మరి నాతో అనలేదేం?" అన్నాడు.

"ఆ కిటికీ నాకోసం పెట్టారే, నేను చూశానని తెలిస్తే ఆయన తిండి మానేస్తారు, నువ్వూ నోరు మెదపకు అంది."

"ఇంకేమంది?"

"అబద్ధం చెప్పేటప్పుడు మీ చెవులు ఎర్రబడతాయట. నవ్వింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది."

అతను ఖాళీ అయిన గదిలో నేల మీద కూలబడ్డాడు. మరదలు దీపం వేసేదాకా లేవలేదు.

అద్దం తీసేయలేదు. బయటివైపు పైనుంచి కిందికి వరసగా సన్నటి తాళ్ళు వేలాడదీశాడు. అప్పట్నుంచి తోటవైపు పెద్ద అద్దం పెట్టించుకునే వాళ్ళందరికీ అదే చెప్పేవాడు. "చూడ్డానికని పెట్టుకుంటే అడ్డంగా తాళ్ళేమిటయ్యా" అని కొందరు ఇంకో పనివాణ్ణి పిలుచుకున్నారు. అతను వాదించలేదు. ఎందుకని నెమ్మదిగా అడిగినవాళ్ళకు మాత్రం, "పిట్టలు గుద్దుకుంటాయమ్మా" అనేవాడు. టేపు తీసి కొలతలు మొదలుపెట్టేవాడు.

ఆ ఏడు చలి వచ్చింది. పిట్ట రాలేదు. ఇంకోటి ఎప్పటికైనా ఆ చోటు కనిపెట్టవచ్చని పంతులమ్మ అంది. అతను తల ఊపి, సామాను సంచీ భుజాన వేసుకుని పనికి వెళ్ళిపోయాడు.